గ్యాస్ మాత్ర పరగడుపునే ఎందుకు? ఆమ్లం తగ్గించే మందులు కడుపులో చేసే పని

కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ మాత్ర వేసుకున్న ఏడెనిమిది గంటలకల్లా ఆ మందు రక్తంలోంచి దాదాపుగా వెళ్లిపోతుంది. కడుపులో ఆమ్లాన్ని మాత్రం అది రోజంతా తగ్గించి ఉంచుతుంది. పొద్దున తినడానికి అరగంట ముందు వేసుకున్నవారికి చక్కగా పనిచేసే ఆ మాత్రే, రాత్రి పడుకోబోతూ వేసుకున్నవారికి అంతగా పనిచేయదు. మంట వచ్చినప్పుడల్లా ఒకటి వేసుకునేవారు ఈ మందు నాకు పనిచేయడం లేదంటారు. మూడు నెలలు వరసగా వాడి ఒక్కసారిగా మానేసినవారు, మంట మళ్లీ ఎగదన్నేసరికి, ఇక జీవితాంతం ఇదే గతి అనుకుంటారు.

ఈ నాలుగూ వేర్వేరు సంగతుల్లా కనిపిస్తాయి. మూలం మాత్రం ఒక్కటే: ఆమ్లం ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ఆజ్ఞతో ఊరుతుందన్నది. అది తెలిస్తే, అందరం గ్యాస్ మాత్ర అని ఒకే పేరుతో పిలిచే ఐదు రకాల మందుల్లో ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎందుకు పనిచేయకుండా పోతుందో తేలిగ్గా అర్థమవుతుంది.

ఆమ్లం ఊరే చోటు

జీర్ణాశయం పైభాగంలోను, మధ్యభాగంలోను లోపలి పొరలో పెరైటల్ కణాలు ఉంటాయి. ఇవి సుమారు వంద కోట్లు. వీటితో పాటు ఇతర కణాలూ కలిసి రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల జఠర రసాన్ని ఊరిస్తాయి. పెరైటల్ కణం నుంచి అప్పుడే బయటికి వచ్చిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 1 దగ్గర ఉంటుంది. రక్తం పీహెచ్ 7.4. పీహెచ్ ఆమ్లత్వానికి కొలత, అంకె తగ్గినకొద్దీ ఆమ్లం ఘాటెక్కుతుంది. అందులో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లత్వంలో పది రెట్లు తేడా. అంటే రక్తంతో పోలిస్తే పది లక్షల రెట్లకు పైగా ఎక్కువ గాఢతలో హైడ్రోజన్ అయాన్లను ఈ కణం కడుపులోకి తోస్తోందన్నమాట. మన ఒంట్లో ఇంత తేడాకు ఎదురొడ్డి అయాన్లను నెట్టగలిగే కణం మరొకటి లేదు.

ఆ నెట్టే పని ప్రోటాన్ పంపుది. హైడ్రోజన్ అయాన్‌కే ప్రోటాన్ అని ఇంకో పేరు. ఇది కణం పొరలో అమరి ఉండే ఒక ప్రొటీన్. కణానికి ఇంధనం లాంటి ఏటీపీ అనే అణువు నుంచి శక్తి తీసుకుని ఒక హైడ్రోజన్ అయాన్‌ను బయటికి పంపుతుంది, దానికి బదులు ఒక పొటాషియం అయాన్‌ను లోపలికి తెచ్చుకుంటుంది. క్లోరైడ్ వేరే దారిన బయటికి వచ్చి హైడ్రోజన్‌తో జతకడుతుంది. బయటి వైపు పొటాషియం అందకపోతే పంపు తిరగదు. ఈ చిన్న వివరం మీదే ఒక సరికొత్త మందుల తరగతి ఆధారపడి ఉంది, దాని దగ్గరికి తరవాత వస్తాను.

పంపులు ఎప్పుడూ పనిలో ఉండవు. కడుపు ఖాళీగా, విశ్రాంతిగా ఉన్నప్పుడు వాటిలో ఎక్కువ భాగం కణం లోపల చిన్న చిన్న తిత్తుల గోడల్లో ఒదిగి ఉంటాయి. అక్కడ ఉన్నంతసేపూ అవి నిద్రలో ఉన్నట్టే. తినడం మొదలుపెట్టగానే ఆ తిత్తులు కదిలి, కణంలోకి చొచ్చుకుని ఉండే సన్నని కాలువల గోడల్లో కలిసిపోతాయి. పంపులు కాలువలోకి తెరుచుకుంటాయి, ఆమ్లం పారడం మొదలవుతుంది. మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్న ప్రశ్నకు జవాబంతా ఇక్కడే ఉంది.

పంపులను నిద్ర లేపే సందేశాలు మూడు. ఆహారాన్ని చూసినా, వాసన పట్టినా, నమిలినా మెదడు నుంచి వేగస్ నాడి గుండా అసిటైల్‌కోలిన్ వస్తుంది. జీర్ణాశయం కిందిభాగంలో ఉండే జీ కణాలు, ముఖ్యంగా మాంసకృత్తులు తగిలినప్పుడు, గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతాయి. మూడోది హిస్టమిన్. పెరైటల్ కణాల పక్కనే ఉండే ఈసీఎల్ కణాలు దాన్ని విడుదల చేస్తాయి. ఈ మూడూ సమానం కావు. గ్యాస్ట్రిన్ తన పనిలో పెద్ద భాగాన్ని ఈసీఎల్ కణాల చేత హిస్టమిన్ విడుదల చేయించడం ద్వారానే సాగిస్తుంది. పెరైటల్ కణం మీద హిస్టమిన్ అందుకునే చోటును హెచ్2 గ్రాహకం అంటారు.

బ్రేకు కూడా ఉంది. ఆమ్లం బాగా పెరిగితే డీ కణాలు సొమాటోస్టాటిన్ వదిలి గ్యాస్ట్రిన్‌ను, హిస్టమిన్‌ను తగ్గిస్తాయి. అంటే ఆమ్లం తనకు తానే కళ్లెం వేసుకుంటుంది. మందుతో ఆమ్లాన్ని తగ్గించామంటే ఈ కళ్లేన్ని కూడా వదులు చేసినట్టే. మానేసినప్పుడు ఎగదన్నే మంటకు బీజం ఇక్కడే పడుతుంది.

ఆమ్లాన్ని శత్రువులా చూడకూడదని కూడా చెప్పాలి. ఆహారంతో వచ్చే క్రిములను చంపేది అదే. మాంసకృత్తులను ముక్కలు చేసే పెప్సిన్‌ను చైతన్యపరిచేది, ఆహారంలోని బి12 విటమిన్‌ను విడదీసేది, ఇనుము ఒంటికి పట్టేలా చేసేది కూడా అదే. పుండు పడినప్పుడో, ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్ని మంట పుట్టించినప్పుడో మాత్రమే దాన్ని తగ్గించే అవసరం వస్తుంది.

ఊరిన ఆమ్లాన్ని విరిచేవి

యాంటాసిడ్లు ఆమ్లం ఊరడాన్ని ఆపవు, ఊరినదాన్ని విరుస్తాయి. ఇవి క్షారాలు: కాల్షియం కార్బొనేట్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్, అల్యూమినియం హైడ్రాక్సైడ్, సోడియం బైకార్బొనేట్. కడుపులో ఆమ్లంతో కలవగానే లవణం, నీరు తయారవుతాయి. ఐదు పది నిమిషాల్లో ఉపశమనం ఉంటుంది.

వీటి శక్తి ఎంతో లెక్క వేసి చూడవచ్చు. 500 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్ 10 మిల్లీ ఈక్వివలెంట్ల (ఆమ్లం పరిమాణాన్ని కొలిచే ప్రమాణం) ఆమ్లాన్ని విరవగలదు. ప్రేరేపణ గట్టిగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతుడి కడుపు గంటకు 20 నుంచి 40 మిల్లీ ఈక్వివలెంట్ల ఆమ్లాన్ని ఊరించగలదు. అంటే ఆ వేగంలో ఒక మాత్ర పావుగంట నుంచి అరగంటలోపే ఖర్చయిపోతుంది. పైగా ఖాళీ కడుపులో వేసుకుంటే జీర్ణాశయం దాన్ని త్వరగా చిన్నపేగులోకి పంపేస్తుంది, ప్రభావం అరగంట నుంచి గంటకు మించదు. తిన్న గంట తరవాత వేసుకుంటే ఆహారంతో పాటు కడుపులోనే నిలిచి రెండు మూడు గంటలు పనిచేస్తుంది. పరగడుపున వేసుకోవాల్సిన మాత్రలతో దీన్ని కలగాపులగం చేసుకునేవారు చాలామంది. యాంటాసిడ్ తిన్నాకే.

మెగ్నీషియం విరేచనాలు తెస్తుంది, అల్యూమినియం మలబద్ధకం తెస్తుంది. అందుకే చాలా సిరప్‌లలో రెండూ కలిపి ఉంటాయి. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో ఈ రెండు లోహాలూ ఒంట్లో పేరుకుంటాయి కాబట్టి వారు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు. సోడియం బైకార్బొనేట్ కార్బన్ డయాక్సైడ్ పుట్టించి తేన్పులు తెస్తుంది, అందులోని సోడియం రక్తపోటు, గుండె వైఫల్యం ఉన్నవారికి మంచిది కాదు. ఇంకొక సంగతి: కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం కొన్ని మందులను కడుపులోనే పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లకు, ఇనుము మాత్రలకు కనీసం రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడం ఉండాలి.

ఆల్జినేట్లు వీటికి దగ్గరివే గానీ పనితీరు వేరు. సముద్రపు నాచు నుంచి తీసిన ఈ పదార్థం ఆమ్లం తగలగానే జిగురుగా గడ్డకట్టి, బైకార్బొనేట్ నుంచి పుట్టిన వాయువుతో తేలి, కడుపులోని ఆహారం మీద తెప్పలా పరుచుకుంటుంది. తిన్న తరవాత కడుపు పైభాగంలో, అన్నవాహిక కలిసే చోట చేరే ఆమ్లపు పొరకు ఇది అడ్డుపడుతుంది. భోజనం తరవాత గుండెల్లో మంట, నోట్లోకి పుల్లనీళ్లు రావడం ఉన్నవారికి ఇది మంచి ఎంపిక. తాగాక వెంటనే నీళ్లు తాగకూడదు.

హిస్టమిన్‌ను అడ్డుకునేవి

హెచ్2 గ్రాహకాన్ని అడ్డుకునే మందులు, అంటే హెచ్2 బ్లాకర్లు, రాకముందు పేగుపూతకు (అల్సర్‌కు) పెద్ద చికిత్స శస్త్రచికిత్సే. వేగస్ నాడిని కోసేవారు, కడుపులో కొంత భాగాన్ని తీసేసేవారు. అప్పటికే అలర్జీలకు వాడుతున్న యాంటీహిస్టమిన్లు కడుపులో ఆమ్లం మీద పనిచేయడం లేదని తెలుసు. అంటే కడుపులో హిస్టమిన్ అందుకునే గ్రాహకం వేరే రకమై ఉండాలి. జేమ్స్ బ్లాక్ ఆ ఆలోచనతో ఇంగ్లండ్‌లో పరిశోధన నడిపి 1972లో బురిమమైడ్‌ను ప్రకటించాడు. అది నోటి ద్వారా ఇస్తే సరిగ్గా పనిచేయలేదు. తరవాతి మెటియమైడ్ కొందరిలో తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించింది. మూడోది సిమెటిడిన్, 1976లో బ్రిటన్‌లో వాడకంలోకి వచ్చింది. బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఎక్కువగా వాడేది ఫామోటిడిన్. ఇది పెరైటల్ కణం మీద హెచ్2 గ్రాహకాన్ని ఆక్రమించి కూర్చుంటుంది, హిస్టమిన్ సందేశం లోపలికి చేరదు. గంటలోపు పని మొదలై పది పన్నెండు గంటలు ఉంటుంది. అసిటైల్‌కోలిన్, గ్యాస్ట్రిన్ నేరుగా పంపే సందేశాలను ఇది ఆపలేదు. అందుకే తిన్న తరవాత ఎగసే ఆమ్లం మీద దీని పట్టు తక్కువ. రాత్రిపూట, ఏమీ తినని వేళ ఊరే ఆమ్లం ఎక్కువగా హిస్టమిన్ మీదే నడుస్తుంది కాబట్టి అక్కడ దీని పట్టు గట్టిది. నిద్రలో మంటతో లేచేవారికి పడుకునే ముందు 20 లేదా 40 మి.గ్రా. ఫామోటిడిన్ ఇవ్వడానికి కారణం ఇదే.

దీని బలహీనత అలవాటుపడటం. రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లోనే ఒళ్లు దీనికి అలవాటుపడి ప్రభావం తగ్గిపోతుంది. డోసు పెంచినా పెద్దగా లాభం ఉండదు. కనుక దీన్ని అవసరమైన రోజున వాడుకోవడమే తెలివైన పద్ధతి. కిడ్నీల పనితీరు తగ్గినవారికి డోసు తగ్గించాలి, లేకపోతే మందు పేరుకుని, ముఖ్యంగా పెద్దవయసువారిలో, అయోమయం కలగవచ్చు. ఒకప్పుడు ఎంతో పేరున్న రానిటిడిన్‌లో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక కల్తీ బయటపడింది. నిల్వ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ అది పెరుగుతోందని తేలడంతో 2020 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని మార్కెట్ నుంచి పూర్తిగా తీసేయమంది. ఫామోటిడిన్ నిర్మాణం వేరు, ఈ చిక్కు దానికి అంటలేదు.

పంపునే పట్టేవి

సందేశాలు మూడు దారుల్లో వచ్చినా చివరికి తిరగాల్సింది పంపే. దాన్నే ఆపితే మిగతావాటితో పనిలేదు. ఈ తరగతిలో మొదట వచ్చినది ఒమెప్రజోల్. స్వీడన్‌లో 1979లో తయారై, 1988లో మార్కెట్లోకి వచ్చింది. తరవాత లాన్సోప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఎసోమెప్రజోల్ వరసకట్టాయి. పేరు చివర ప్రజోల్ ఉంటే అది ప్రోటాన్ పంపు నిరోధకం, పొట్టిగా పీపీఐ.

మాత్రలో ఉన్నది పనిచేసే మందు కాదు, దాని ముందు రూపం. ఆమ్లం తగిలితే తప్ప అది పనిచేసే రూపంలోకి మారదు. అయితే కడుపులోని ఆమ్లమే నేరుగా తగిలితే అక్కడికక్కడే నిమిషాల్లో మారి పాడైపోతుంది, పంపు దాకా వెళ్లదు. అందుకే మాత్రకో, క్యాప్సూల్‌లోని గుళికలకో ఆమ్లానికి కరగని పూత ఉంటుంది. ఆ పూత చిన్నపేగులో, ఆమ్లత్వం బాగా తగ్గిన చోట కరుగుతుంది. మందు అక్కడ రక్తంలో కలిసి, రక్తం ద్వారా తిరిగి కడుపు గోడకు చేరుతుంది. అంటే మందు పంపు దగ్గరికి కడుపు లోపలి నుంచి కాకుండా రక్తం వైపు నుంచి వస్తుంది. మాత్రను నూరి, కొరికి, ముక్కలు చేసి వేసుకుంటే పూత పోయి మందు వృథా అవుతుంది. మింగలేనివారికి క్యాప్సూల్ విప్పి గుళికలను మెత్తని, కాస్త పుల్లని ఆహారంలో కలిపి నమలకుండా మింగించవచ్చు, గుళికలను మాత్రం నలపకూడదు.

పెరైటల్ కణానికి చేరాక అసలు కథ మొదలు. పీపీఐలు బలహీన క్షారాలు. రక్తంలో వాటికి విద్యుదావేశం ఉండదు, కాబట్టి కణాల పొరలను సులువుగా దాటుతాయి. పంపు పనిచేస్తున్న కాలువలోకి జారగానే పీహెచ్ 1 దగ్గర ప్రోటాన్ అంటుకుని ఆవేశం వస్తుంది, ఇక వెనక్కి దాటలేవు. అలా ఆ కాలువలో రక్తంలో కంటే వెయ్యి రెట్లు దాకా పేరుకుంటాయి. అక్కడే ఆమ్లం వాటి అణువును తిప్పి సల్ఫెనమైడ్ అనే రూపంలోకి మారుస్తుంది. ఆ రూపం పంపులో 813వ స్థానంలో ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని గంధకం–గంధకం బంధం వేసుకుంటుంది. తాళంలో విరిగిపోయిన తాళంచెవి లాంటిది ఆ బంధం. ఆ పంపు ఇక మళ్లీ తిరగదు.

రక్తంలో గంటకో గంటన్నరకో సగానికి తగ్గిపోయే మందు రోజంతా ఎలా పనిచేస్తుందో ఇప్పుడు తెలుస్తోంది. మందు వెళ్లిపోయినా పంపు మూసుకునే ఉంది. కణం కొత్త పంపులు తయారు చేసుకునేదాకా, లేదా నిద్రలో ఉన్నవి మేల్కొనేదాకా ఆమ్లం తక్కువే.

అలాగే మిగతా రెండు చిక్కులూ విడిపోతాయి. పీపీఐ పనిచేస్తున్న పంపునే పట్టుకోగలదు, ఎందుకంటే ఆమ్లం లేని చోట మందు మారదు. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉన్నాక పొద్దుటి ఆహారం అత్యధిక పంపులను నిద్ర లేపుతుంది. ఆ సమయానికి మందు రక్తంలో పతాకస్థాయిలో ఉండాలి. పూత కరిగి, మందు రక్తంలో కలవడానికి పట్టే సమయం లెక్కేస్తే తినడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలని తేలుతుంది. ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. మాత్ర వేసుకుని మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోవడం ఒకటి: పంపులు నిద్రలో ఉండగానే మందు రక్తంలోంచి జారిపోతుంది. తిన్నాక వేసుకోవడం రెండోది: ఆహారం మందు అందడాన్ని ఆలస్యం చేస్తుంది, పంపుల హడావుడి అప్పటికే గడిచిపోతుంది. పరగడుపున వేసుకోవడం సగం పనే, ఆ తరవాత తినడం మిగతా సగం.

మొదటి రోజు మాత్రతో అన్ని పంపులూ పట్టుబడవు. ఆ వేళకు మేల్కొన్నవే పడతాయి, మిగిలినవి, కొత్తగా పుట్టినవి ఆమ్లం పంపుతూనే ఉంటాయి. రోజూ వేసుకుంటే మూడు నుంచి ఐదు రోజులకు పూర్తి ప్రభావం కుదురుతుంది. కనుక మంట వచ్చినప్పుడు పీపీఐ వేసుకుని అరగంటలో తగ్గుతుందని ఎదురుచూడటం ఆ మందుకు చేతకాని పని అప్పగించడమే. ఆ పూటకు యాంటాసిడ్ కావాలి. పీపీఐకి వారం రోజుల వ్యవధి ఇవ్వకుండా డోసు పెంచడమో, కంపెనీ మార్చడమో చేస్తే ఉపయోగం ఉండదు.

రెండు పూటలు రాసినప్పుడు రెండో మాత్ర రాత్రి భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి, పడుకునే ముందు కాదు. రోజూ ఫామోటిడిన్ వేసుకునేవారు దాన్ని పీపీఐతో ఒకే వేళ వేసుకోకపోవడం మేలు. పంపులను నిద్రలోకి నెట్టే మందు పక్కనుంటే, మేల్కొన్న పంపులను వెతికే మందుకు పని తగ్గిపోతుంది. ఒకటి పొద్దున, ఇంకొకటి రాత్రి పడుకునే ముందు అయితే ఈ గొడవ ఉండదు.

ఒకే డోసు అందరిలో ఒకేలా పనిచేయకపోవడానికి కాలేయం ఒక కారణం. సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ ఈ మందులను విరుస్తుంది. జన్యువుల వల్ల కొందరిలో అది చాలా చురుకు, కొందరిలో చాలా మందకొడి. చురుకైనవారిలో మందు త్వరగా కరిగిపోతుంది. రాబెప్రజోల్ ఈ ఎంజైమ్ మీద తక్కువ ఆధారపడుతుంది కాబట్టి అలాంటివారికి దానితో తేడా కనిపించవచ్చు. ఇదే ఎంజైమ్, రక్తం గడ్డకట్టకుండా గుండె రోగులు వాడే క్లోపిడోగ్రెల్‌ను పనిచేసే రూపంలోకి మారుస్తుంది. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ దాన్ని అడ్డుకుంటాయి కనుక క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఆ రెండూ వద్దంటారు, పాంటోప్రజోల్ వైపు మొగ్గుతారు.

పొటాషియంతో పోటీపడేవి

బయటి నుంచి పొటాషియం అందకపోతే పంపు తిరగదన్న సంగతి గుర్తుందిగా. వోనోప్రజాన్ సరిగ్గా ఆ పొటాషియం చేరే చోటునే ఆక్రమిస్తుంది. ఇది 2014లో జపాన్‌లో ఆమోదం పొందింది, తరవాత కొరియాలో టెగోప్రజాన్ వచ్చింది. పేరు చివర ప్రజాన్ ఉంటుంది, ప్రజోల్ కాదు.

ఇవి పంపుతో శాశ్వత బంధం వేసుకోవు, పట్టుకుని వదులుతుంటాయి. అయితే బలమైన క్షారాలు కావడంతో కాలువలో విపరీతంగా పేరుకుని గంటల తరబడి అక్కడే ఉంటాయి. వీటికి ఆమ్లంతో మారాల్సిన పని లేదు, ఆమ్లంలో పాడయ్యే భయమూ లేదు. కనుక తిండికి ముందా తరవాతా అన్న పట్టింపు లేదు, మొదటి రోజు నుంచే బలంగా పనిచేస్తాయి, రాత్రి కూడా పట్టు నిలుస్తుంది. అన్నవాహికలో తీవ్రమైన పుండ్లకు, కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా చికిత్సకు ఇవి బాగా పనికొస్తున్నాయి. మామూలు మంటకు మొదటే వీటిని ఎత్తుకోవాల్సిన అవసరం నాకు కనిపించదు. గ్యాస్ట్రిన్‌ను ఇవి పీపీఐల కంటే ఎక్కువగా పెంచుతాయి, దశాబ్దాల అనుభవం కూడా వీటికి ఇంకా లేదు.

హెలికోబాక్టర్ గురించి ఒక మాట. బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980ల మొదట్లో కడుపులో బతికే ఈ బాక్టీరియాను పుండ్లతో ముడిపెట్టారు, 2005లో నోబెల్ అందుకున్నారు. పుండుకు కారణం అదే అయినప్పుడు ఒట్టి ఆమ్లం తగ్గించే మందు పుండును మాన్పుతుంది గానీ మళ్లీ రాకుండా ఆపలేదు. యాంటీబయాటిక్‌లతో పాటు పీపీఐని రెండు పూటలా, సాధారణంగా 14 రోజులు ఇస్తారు. శ్వాస పరీక్షకు, మల పరీక్షకు రెండు వారాల ముందు పీపీఐ ఆపాలి. లేకపోతే బాక్టీరియా అణిగి ఉండి, లేదన్నట్టు తప్పుడు ఫలితం వస్తుంది. చికిత్స ఫలించిందో లేదో చూసే పరీక్ష యాంటీబయాటిక్‌లు అయిపోయిన కనీసం నాలుగు వారాల తరవాతే చేయించాలి.

మానేస్తే మంట ఎందుకు ఎగదన్నుతుంది

పీపీఐతో ఆమ్లం తగ్గితే డీ కణాల బ్రేకు వదులవుతుంది, గ్యాస్ట్రిన్ పెరుగుతుంది. వారాల తరబడి గ్యాస్ట్రిన్ ఎక్కువగా ఉంటే ఈసీఎల్ కణాలు పెరిగి హిస్టమిన్ నిల్వ ఎక్కువవుతుంది. మందు ఉన్నంతకాలం పంపులు మూసుకుని ఉంటాయి కాబట్టి ఇది బయటపడదు. ఒక్కసారిగా ఆపేస్తే కొత్త పంపులు వచ్చేస్తాయి, పెరిగిన ఈసీఎల్ కణాలు మాత్రం వెంటనే తగ్గవు. మందు మొదలుపెట్టక ముందుకంటే ఎక్కువ ఆమ్లం ఊరుతుంది.

ఇది జబ్బు తిరగబెట్టడమేనని తేలిగ్గా పొరబడవచ్చు. డెన్మార్క్‌లో 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది. అసలు ఏ మంటా లేని 120 మంది ఆరోగ్యవంతులను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు ఎనిమిది వారాలు రోజూ 40 మి.గ్రా. ఎసోమెప్రజోల్ ఇచ్చి, తరవాత నాలుగు వారాలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఇంకో గుంపుకు మొదటి నుంచీ ఉత్తుత్తి మాత్రే. చివరి నాలుగు వారాల్లో మొదటి గుంపులో 44 శాతం మందికి, రెండో గుంపులో 15 శాతం మందికి మంట, పుల్లతేన్పులు లాంటి ఆమ్ల లక్షణాలు వచ్చాయి. జబ్బు లేనివారికి మందు ఆపడం వల్లే మంట వచ్చిందన్నమాట.

కనుక నెలల తరబడి వాడినవారు ఆపేటప్పుడు డోసును సగానికి తగ్గించి రెండు నుంచి నాలుగు వారాలు, ఆ తరవాత రోజు విడిచి రోజు కొన్నాళ్లు వాడి మానేయడం సుఖమైన పద్ధతి. మధ్యలో మంట వస్తే ఆ రోజుకు యాంటాసిడ్, ఆల్జినేట్ లేదా ఫామోటిడిన్ వాడుకోవచ్చు. మంట వచ్చిందని పీపీఐ మళ్లీ పూర్తి డోసుతో మొదలుపెడితే చక్రం మొదటికొస్తుంది. ఎగదన్నే ఈ దశ కొన్ని వారాల్లో, కొందరిలో రెండు మూడు నెలల్లో తగ్గుతుంది.

అందరూ ఆపకూడదు. అన్నవాహికలో తీవ్రమైన పుండ్లు పడినవారు, బారెట్ మార్పు (ఏళ్ల తరబడి ఆమ్లం తగిలి అన్నవాహిక లోపలి పొర మారిపోవడం) ఉన్నవారు, పుండు నుంచి గతంలో రక్తస్రావమైనవారు, ఆస్పిరిన్ గానీ నొప్పి మాత్రలు గానీ దీర్ఘకాలం వాడుతూ వయసు మీదపడినవారు తమంతట తాము పీపీఐ మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మందు ఎందుకు మొదలైందో చీటీలో రాసి ఉంటే ఈ నిర్ణయం సులువు. రాసి లేకపోతే డాక్టర్‌ను అడిగి రాయించుకోవాలి.

ఎన్నాళ్లు వాడినా ఫరవాలేదా

పీపీఐల మీద ఆరోపణలు చాలా ఉన్నాయి, అన్నీ ఒకే బరువున్నవి కావు. ఎముకలు విరగడం, మతిమరుపు, కిడ్నీ జబ్బు, ఇలా చాలావాటితో ముడిపెట్టిన అధ్యయనాలు ఎక్కువ భాగం వాడినవారిని, వాడనివారిని పక్కపక్కన పెట్టి చూసినవి. పీపీఐ వాడేవారు సగటున పెద్దవయసువారు, ఇతర జబ్బులున్నవారు కాబట్టి మందు వల్ల వచ్చిందేదో, జబ్బుల వల్ల వచ్చిందేదో విడదీయడం కష్టం. 2019లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగంలో 17,598 మందికి చీటీ వేసినట్టుగా పాంటోప్రజోల్ 40 మి.గ్రా. గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి సుమారు మూడేళ్లు గమనించారు. స్పష్టంగా పెరిగినది పేగు ఇన్ఫెక్షన్లు ఒక్కటే, 1 శాతం నుంచి 1.4 శాతానికి. ఆమ్లపు రక్షణ తగ్గితే క్రిములు దాటిపోవడం సహజం, కాబట్టి ఈ ఫలితం పనితీరుతో సరిగ్గా సరిపోతుంది.

మూడేళ్లకు మించి ఏమవుతుందో ఆ ప్రయోగం చెప్పదు. ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గడం, ఇనుము సరిగ్గా పట్టకపోవడం, అరుదుగా మెగ్నీషియం ప్రమాదకరంగా పడిపోవడం నిజమే. కండరాలు పట్టేయడం, వణుకు, గుండె దడ వస్తే మెగ్నీషియం పరీక్ష చేయించాలి, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీళ్ల మాత్రలు కూడా వాడుతున్నవారు. కొందరిలో కిడ్నీలో అలర్జీ తరహా వాపు వస్తుంది, అది డోసుతో సంబంధం లేకుండా ఎప్పుడైనా రావచ్చు. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్, హెచ్‌ఐవీకి వాడే ఎటజనవిర్ లాంటి మందులకు కరగడానికి ఆమ్లం కావాలి, పీపీఐ తోడైతే అవి ఒంటికి అందవు.

సరిగ్గా వేసుకున్నా తగ్గకపోతే

ఎనిమిది వారాలు వేళ తప్పకుండా వాడినా తగ్గకపోతే మొదట అనుమానించాల్సింది మందును కాదు, రోగ నిర్ధారణను. పీపీఐ ఆమ్లాన్ని తగ్గిస్తుంది గానీ కడుపులోది పైకి ఎగదన్నడాన్ని ఆపదు. అన్నవాహిక కింది కవాటం వదులుగా ఉంటే పుల్లగా లేని ద్రవం పైకి వస్తూనే ఉంటుంది. నోట్లోకి నీళ్లు రావడం తగ్గలేదంటే కారణం చాలాసార్లు ఇదే. దానికి మంచం తలవైపు ఎత్తడం, పడుకోవడానికి మూడు గంటల ముందే తినడం ముగించడం, బరువు తగ్గడం మాత్ర కంటే ఎక్కువ ఉపకరిస్తాయి. కడుపు ఉబ్బరం, వాయువు ఆమ్లం వల్ల వచ్చేవి కావు. వాటికి గ్యాస్ మాత్ర అని పీపీఐ వాడితే ఉపశమనం ఉండదు, మానేటప్పుడు మంట మాత్రం మిగులుతుంది.

మింగడం కష్టమవడం, ఆహారం గొంతు కింద ఆగినట్టుండటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, ఆగని వాంతులు ఉంటే మాత్రలు మార్చుకుంటూ కూర్చోకుండా ఎండోస్కోపీ చేయించుకోవాలి. రక్తపు వాంతి, తారులా నల్లని విరేచనం అయితే అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీలో మంట నడిచినప్పుడు పెరిగి కూర్చుంటే తగ్గుతున్నా, చేతికో దవడకో పాకుతున్నా, చెమట, ఆయాసం తోడైనా అది గుండెనొప్పి గానీ గుండెపోటు గానీ కావచ్చు. యాంటాసిడ్ తాగగానే కాస్త తగ్గినట్టనిపించడం గుండెపోటు కాదనడానికి రుజువు కాదు, వెంటనే ఈసీజీ తీయించాలి.